పది సెంట్లకు తక్కువ స్థలంలో ఒక పార్కు

ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాలలో సాధారణంగా మెట్ల కొలతలు, కారే డాబాలు, ప్రహరీ తగాదాలే ఎక్కువ. రెండు నెలల క్రితం న్యూజెర్సీ నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరాన్ని అచ్చువేసి, జవాబు తరువాత ఇస్తామని చెప్పాము. దానిని చదివిన మరికొందరు అదే పార్కును గురించి తమ ప్రశ్నలు కూడా పంపారు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్నీ ఆ ఒక్క పార్కుకే కేటాయిస్తున్నాము. మొదటి ఉత్తరాన్ని చూడనివారి కోసం క్లుప్తంగా మళ్ళీ ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటికి వచ్చి నాలుగు నెలలైంది. ఒక మధ్యాహ్నం మా మనవరాలు నన్ను న్యూయార్క్‌లో 53వ వీధిలో ఉన్న ఆధునిక కళల మ్యూజియానికి తీసుకువెళ్ళింది. బయటకు వచ్చేసరికి మోకాళ్ళు నొప్పి పుట్టి, ఎక్కడైనా కాసేపు కూర్చుందామన్నాను. అదే వీధిలో కొంచెం ముందుకు నడిపించి, రెండు పెద్ద భవనాల మధ్య ఉన్న చిన్న జాగాలో కూర్చోబెట్టింది. వెనక గోడ పొడుగునా నీళ్ళు దూకుతున్నాయి, నెత్తిన చెట్ల నీడ ఉంది. గంటన్నర కూర్చున్నాము. అంత రద్దీ వీధిలో ఉన్నా నాకు కార్ల హారన్లు వినబడలేదు. విజయవాడలో మా ఇంటి ఎదురుగా దానికి పది రెట్లు పెద్ద పార్కు ఉంది కాని, అందులో పావుగంట కూర్చోబుద్ధి కాదు. అక్కడ ఏముందని నాకు అంత హాయిగా అనిపించింది?
ఒక పాఠకురాలు, ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: అమ్మా, మీరు కూర్చున్నది పేలీ పార్కు. ఫిఫ్త్ అవెన్యూకు, మ్యాడిసన్ అవెన్యూకు మధ్య, తూర్పు 53వ వీధిలో 3వ నంబరు స్థలం అది. వెడల్పు 42 అడుగులు, లోతు 100 అడుగులు, మొత్తం 4,200 చదరపు అడుగులు. మన లెక్కలో చెప్పాలంటే 467 గజాలు, అంటే పది సెంట్లకు కాస్త తక్కువే. మన ఊళ్ళలో ఇంత స్థలం ఎవరికైనా ఉంటే కింద పార్కింగు, పైన ఐదంతస్తులు వేయిస్తారు.

ఆ స్థలానికి ఒక పూర్వకథ ఉంది. అక్కడ ఇంతకుముందు స్టార్క్ క్లబ్ అనే పేరు మోసిన నైట్‌క్లబ్ ఉండేది. సినిమా తారలు, ధనికులు, రాజకీయ నాయకులు వచ్చే చోటు అది, గుమ్మం దగ్గర ఎవరిని లోపలికి పంపాలో ఎవరిని వెనక్కి పంపాలో క్లబ్బువారే నిర్ణయించేవారు. అది 1965లో మూతపడింది. సీబీఎస్ ప్రసార సంస్థ అధిపతి విలియం పేలీ, 1963లో మరణించిన తన తండ్రి శామ్యూల్ పేలీ జ్ఞాపకార్థం, ఆ చోట ఎవరైనా రావచ్చునంటూ ఈ పార్కును కట్టించారు. రూపకల్పన చేసినవారు రాబర్ట్ జయాన్, హెరాల్డ్ బ్రీన్‌ల ల్యాండ్‌స్కేప్ సంస్థ. 1967 మే 23న అది ప్రజలకు తెరుచుకున్నది.

ఇక మీ అసలు ప్రశ్నకు వస్తాను. హారన్లు మీకు వినబడకపోవడానికి కారణం అక్కడ నిశ్శబ్దంగా ఉండడం కానేకాదు, వీధిలో కంటే అక్కడ చప్పుడు ఎక్కువ. పట్టణాలలో జనం ఎక్కడ ఎలా కూర్చుంటారన్న విషయాన్ని ఏళ్ళ తరబడి కెమెరాలతో, నోటుపుస్తకాలతో గమనించిన విలియం హెచ్. వైట్ అనే పరిశీలకుడు ఆ జలపాతం పక్కన శబ్దాన్ని కొలిస్తే 75 డెసిబెళ్ళు వచ్చింది. బయట వీధిలో అంతకంటే తక్కువే ఉంది. అయినా అక్కడికి వచ్చినవారందరూ మీలాగే ప్రశాంతంగా ఉందనే అంటారు. మన చెవి గట్టి శబ్దం కంటే ఎక్కువగా మారే శబ్దాన్ని పట్టుకుంటుంది. హారను, బ్రేకు, మోటారు సైకిలు గొట్టం, ఎవరో ఎవరినో పిలిచిన పిలుపు, ఇవన్నీ ఉన్నట్టుండి లేచి పడిపోయే చప్పుళ్ళు కాబట్టి మనసు ప్రతిసారీ అటు తిరుగుతుంది. పడే నీటి చప్పుడు బొంగురు నుంచి కీచు దాకా అన్ని స్థాయిలలోనూ పరుచుకుని, ఎడతెరిపి లేకుండా ఒకే తీరున సాగుతుంది. అందువల్ల కొద్ది నిమిషాలకే చెవి దానిని పట్టించుకోవడం మానేస్తుంది, దాని అడుగున హారన్లు కూడా మునిగిపోతాయి. రైలు ప్రయాణంలో నిద్రపోయి, రైలు ఆగగానే మెలకువ వచ్చిన అనుభవం మీకు ఉండే ఉంటుంది.

దీనికి రెండో ప్రయోజనం కూడా ఉంది, దానిని గమనించేవారు తక్కువ. అంత ఇరుకు స్థలంలో బల్లకూ బల్లకూ మధ్య దూరం చాలా కొద్ది. నీటి చప్పుడు లేకపోతే పక్కవారి కుటుంబ విషయాలు మనమూ, మనవి పక్కవారూ వింటూ కూర్చోవలసి వచ్చేది. మీరూ మీ మనవరాలూ గంటన్నర సేపు ఏం మాట్లాడుకున్నారో మూడడుగుల దూరంలో ఉన్నవారికి కూడా తెలిసి ఉండదు. కట్టని గోడలా ఆ నీరు ప్రతి బల్ల చుట్టూ ఒక చాటు ఏర్పరుస్తున్నది.

ఆ జలపాతం ఎత్తు 20 అడుగులు, అంటే సుమారు రెండంతస్తులు. వెనక గోడ వెడల్పంతా అదే. నిమిషానికి 1,800 గ్యాలన్ల నీరు దూకుతుంది, దాదాపు 6,800 లీటర్లు. వేసవిలో మన కాలనీలకు వచ్చే ఐదు వేల లీటర్ల ట్యాంకరు ఆ ధార కింద పెడితే ముప్పావు నిమిషంలో నిండుతుంది. అదంతా కొత్త నీరు కాదు, కింద పడిన నీటినే పంపులు తిరిగి పైకి తోడుతుంటాయి.

మరొకసారి న్యూయార్క్ వెళ్ళే వీలుంటే, తూర్పు 51వ వీధిలో సెకండ్, థర్డ్ అవెన్యూల మధ్య 1971లో వెలసిన గ్రీనేకర్ పార్కును కూడా చూడండి. హిడియో ససాకి సంస్థ దానిని రూపొందించింది, అక్కడ 25 అడుగుల జలపాతం ఉంది. రెండింటినీ చూస్తే మీకు ఏది నచ్చిందో మాకు రాయండి. నా ఓటు మాత్రం పేలీకే, కారణం తరువాతి జవాబులో ఉంది.

ప్రశ్న: నేను ఆర్కిటెక్చర్ మూడో సంవత్సరం విద్యార్థిని. మీరు అచ్చువేసిన ఉత్తరం చదివి ఆ పార్కు ప్లాను చూశాను. ఒక దీర్ఘచతురస్రం, అందులో చెట్లు, వెనక నీటిగోడ, అంతే కనబడింది. మా క్లాసులో ఇలాంటిది గీసి ఇస్తే ఇంకా ఏమైనా చేసుకురమ్మని వెనక్కి పంపుతారు. ఇందులో డిజైను ఎక్కడ ఉంది?
ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: మీ అధ్యాపకులు వెనక్కి పంపే అవకాశం నిజంగానే ఉంది. ఈ పార్కు ప్లాను కాగితం మీద చాలా సాదాగా ఉంటుంది. దాని పనితనం ప్లానులో కంటే సెక్షనులోనూ (స్థలాన్ని నిలువునా కోసినట్టు చూపే బొమ్మలోనూ), వీధికి ఆనుకున్న మొదటి పదిహేను అడుగులలోనూ ఎక్కువగా ఉంది.

కాలిబాట మీద నడిచి వస్తున్న మనిషిని ఊహించుకోండి. పార్కు ముఖం వెడల్పు 42 అడుగులే కనుక సాధారణ నడకలో పది సెకన్లలో దానిని దాటేస్తాడు. అతడు చూడాలన్నా, ఆగాలన్నా, లోపలికి రావాలన్నా ఆ పది సెకన్లలోనే జరగాలి. జయాన్ చేసిన మొదటి పని పార్కును తన హద్దు దాటించి కాలిబాట మీదికి తీసుకురావడం. లోపల పరచిన గ్రానైటు రాళ్ళనే బయట కాలిబాట మీద కూడా రోడ్డు అంచు దాకా పరిచారు, లోపల ఉన్న జాతి చెట్లనే అక్కడా నాటారు. కనుక ఆ మనిషికి తెలియకుండానే కాలి కింద నేల మారుతుంది, తల మీద నీడ పడుతుంది. అప్పటికే అతడు పార్కులో ఉన్నాడు, ఆ సంగతి అతడికి ఇంకా తెలియదు. తల తిప్పితే వంద అడుగుల అవతల తెల్లగా కదులుతున్న నీరు కనబడుతుంది. ఆ నీరు వీధి పక్కనే ఉండి ఉంటే ఒకసారి చూసి వెళ్ళిపోయేవాడు. చిట్టచివర పెట్టడం వల్ల దాని దగ్గరికి పోవాలంటే స్థలమంతా నడవాలి.

ఆ తరువాత నాలుగు మెట్లు. ఈ నాలుగు మెట్ల గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. లోపలి నేల కాలిబాట కంటే కొంచెం ఎత్తులో ఉంటుంది. మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా, ఎక్కుతున్నామన్న శ్రమ తెలియనంత తేలికగా ఉంటాయి. రెండు పక్కలా చక్రాల కుర్చీలు, పిల్లల బళ్ళు వెళ్ళడానికి వాలు దారులు ఉన్నాయి. 1967 నాటికి అమెరికాలో కూడా ఇలాంటి ఏర్పాటు తప్పనిసరి కాదు. ఆ మెట్ల వల్ల రెండు పనులు జరుగుతున్నాయి. కూర్చున్నవారికి వీధి కొంచెం కిందికి దిగినట్టుగా ఉండి, కార్లు కంటికి ఎదురుగా రాకుండా పోతాయి. వీధిలో ఉన్నవారికేమో, లోపలికి వెళ్ళాలా వద్దా అని తేల్చుకోకుండానే ఒక కాలు మెట్టు మీద పెట్టి కాసేపు నిలబడే వీలు కలుగుతుంది. అక్కడి నుంచి నీటిని చూస్తూ ఇంకో మెట్టు, ఇంకో మెట్టు ఎక్కుతారు. వైట్ గమనించిన ప్రకారం, ఆ దారిన పోయేవారిలో దాదాపు సగం మంది తల తిప్పి లోపలికి చూస్తారు, అలా చూసినవారిలో సగం మంది చిరునవ్వు నవ్వుతారు. లోపలికి రానివారికి కూడా పార్కు ఉపయోగపడుతున్నదన్నమాట.

మన పాత ఇళ్ళ అరుగు మీకు తెలిసి ఉంటే ఈ మెట్ల సంగతి ఇట్టే అర్థమవుతుంది. అరుగు మీద కూర్చున్న మనిషి ఇంట్లో ఉన్నట్టా, వీధిలో ఉన్నట్టా అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. వీధికి రెండడుగుల ఎత్తున, ఇంటి గడపకు ఇవతల ఉన్న ఆ కాస్త జాగాలో బాటసారి కూడా అడగకుండా కూర్చోగలిగేవాడు. పేలీ పార్కు ముందు భాగం చేసే పని అదే. గ్రీనేకర్ పెద్దది, అందమైనది, జలపాతమూ ఎత్తైనదే, అయినా వీధిని ఇంత సులువుగా లోపలికి మళ్ళించే నేర్పు పేలీలో ఎక్కువని నేను భావిస్తాను. దీనితో విభేదించే ఆర్కిటెక్టులు చాలామంది ఉన్నారు.

సెక్షను గీసి చూస్తే ఇంకొక విషయం కనబడుతుంది. జయాన్ దీనిని ఒక గదిగా ఊహించారు. గదికి నేల, గోడలు, పైకప్పు కావాలి. నేల గరుకు గ్రానైటు రాళ్ళు. పక్క గోడలు రెండూ ఐవీ తీగ అల్లుకున్న ఇటుక గోడలు, వీటిని ఆయన నిలువు పచ్చికలు అనేవారు. 42 అడుగుల వెడల్పులో కింద గడ్డి పెంచితే నాలుగు రోజులలో తొక్కి మట్టి చేస్తారని తెలిసి, ఆ పచ్చదనాన్ని ఎవరూ తొక్కలేని చోట నిలబెట్టారు. పైకప్పు చెట్లు. హనీ లోకస్ట్ అనే జాతి చెట్లు 17 నాటారు, ఒకదానికొకటి 12 అడుగుల దూరంలో. పెద్ద చెట్లకు అది చాలా తక్కువ దూరం, ఏ నర్సరీవారిని అడిగినా ఇంకా ఎడంగా పెట్టమనే చెబుతారు. దగ్గరగా పెట్టడం వల్ల కొమ్మలు పక్కలకు పోకుండా పైకి పోయి ఒకదానితో ఒకటి కలిసిపోయాయి, మొదళ్ళు మంటపంలో స్తంభాలలాగా నిలబడ్డాయి. చుట్టూ ఉన్న ఆకాశహర్మ్యాలు ఆ ఆకుల వెనక్కి తప్పుకున్నాయి.

చెట్టు ఎంపికలో కూడా ఆలోచన ఉంది. హనీ లోకస్ట్ మన చింత చెట్టుకు దూరపు చుట్టం, రెండూ చిక్కుడు కుటుంబానికి చెందినవే. ఆకు కూడా చింతాకులాగే చిన్న చిన్న రెబ్బలుగా ఉంటుంది. కనుక నీడ చిక్కగా పడకుండా జల్లెడలో నుంచి జారినట్టు వెలుగుతో కలిసి పడుతుంది. చలి దేశంలో ఇది ముఖ్యం. వసంతంలో ఈ చెట్టు ఆలస్యంగా చిగురిస్తుంది కాబట్టి, ఎండ కావాలనిపించే రోజులలో ఎండ నేల దాకా వస్తుంది. స్థలం వీధికి ఉత్తరం వైపున ఉండి ముఖం దక్షిణానికి తిరిగి ఉండడం వల్ల ఆ వెలుగుకు దారి కూడా ఉంది. శరత్కాలంలో రాలే ఆకు రెబ్బలు అంత చిన్నవి కాబట్టి ఊడ్చే పని తక్కువ. అడవిలో పెరిగే హనీ లోకస్ట్‌కు మొదలంతా పొడవైన ముళ్ళు ఉంటాయి, పట్టణాలలో నాటేది ముళ్ళు లేని రకం.

మరొక మాట. మీ ప్లానులో ద్వారం దగ్గర రెండు పక్కలా చిన్న గదులు కనబడి ఉంటాయి. ఒకదానిలో కాఫీ, తినుబండారాలు అమ్ముతారు. చాలామంది విద్యార్థులు ఇలాంటి కొట్టును లోపల ఏ మూలనో పెడతారు. ఇక్కడ అది గుమ్మంలోనే ఉంది, కనుక కాఫీ కోసం వచ్చినవారు కప్పు చేత పట్టుకుని సహజంగానే లోపలికి నడుస్తారు. అమ్మే మనిషి రోజంతా గుమ్మంలోనే ఉండడం వల్ల విడిగా కాపలావాడు నిలబడి ఉన్నట్టు కనబడదు.

ప్రశ్న: ఆ పార్కులో కుర్చీలు నేలకు బిగించలేదని విన్నాను. నిజమేనా? పట్టుకుపోరా? మా ఊళ్ళో సిమెంటు బెంచీలకే కాళ్ళు విరిచారు.
ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: నిజమే. కుర్చీలు హ్యారీ బెర్టోయా రూపొందించిన తీగల అల్లిక కుర్చీలు, బల్లలు ఈరో సారినెన్ రూపొందించిన ఒంటికాలి పాలరాతి బల్లలు. ఆనాడు సంపన్నుల భోజనాల గదులలో ఉండే సామాను అది. దానిని తెచ్చి వీధిలో, ఎవరైనా జరుపుకునేలా వదిలిపెట్టారు. రాత్రిపూట గేటు మూస్తారు, పగలు సిబ్బంది ఉంటారు, కుర్చీ చేత పట్టుకుని బయటకు వెళ్ళాలంటే ఆ నాలుగు మెట్లు దిగి అందరి ఎదుటా నడవాలి. కాపలా అంటే ఇంతే.

బిగించని కుర్చీ వల్ల ఏమిటి లాభమన్నది వైట్ తీసిన ఫిల్ములలో బాగా కనబడుతుంది. ఒకామె వస్తుంది, ఖాళీ కుర్చీ దగ్గర నిలబడుతుంది, దానిని కొద్ది అంగుళాలు ఇటు జరిపి కూర్చుంటుంది. ఎండ కోసమూ కాదు, నీడ కోసమూ కాదు, తరచుగా కుర్చీ ఉన్న చోటే మళ్ళీ ఉంటుంది. ఆ కాస్త జరపడంతో అది తన కుర్చీ అవుతుంది, పక్కవారికి తాను వారి జోలికి రావడం లేదన్న మర్యాద కూడా తెలుస్తుంది. ముగ్గురు స్నేహితులు వస్తే మూడు కుర్చీలు ఎదురెదురుగా వేసుకుంటారు, ఒంటరిగా వచ్చినవాడు గోడ వైపు తిప్పుకుని పుస్తకం చదువుకుంటాడు.

మన పార్కులలో సిమెంటు బెంచీ మీద ఫలానా వారి జ్ఞాపకార్థం ఫలానా వారు అని రంగుతో రాసి, వాకింగు ట్రాకు వైపు ముఖం పెట్టి పాతుతారు. నలుగురు కూర్చుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలంటే మెడ నొప్పి పుట్టాలి. దాత పేరు రాయడాన్ని నేను తప్పు పట్టడం లేదు, పేలీ పార్కులో కూడా ఇది శామ్యూల్ పేలీ స్మృతికి, ప్రజల ఆనందం కోసం కేటాయించబడిందని ఒక చిన్న ఫలకం ఉంది. ఆ ఫలకం మీద ఎవరూ కూర్చోనక్కరలేదు.

ప్రశ్న: దీని నిర్వహణ న్యూయార్క్ నగరపాలక సంస్థదేనా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: కాదు. స్థలమూ ఖర్చూ పేలీ నెలకొల్పిన ధర్మనిధివి. 1963లో ఒక ప్రదర్శనలో జయాన్ ఇలాంటి చిన్న పార్కులను ప్రతిపాదించినప్పుడు, అంత చిన్న స్థలాలను నిర్వహించడం పట్ల నగర అధికారులకు ఆసక్తి కలగలేదు. తరువాత నగరం ఇంకొక విధంగా పాఠం నేర్చుకున్నది. 1961 నాటి నిబంధనల ప్రకారం భవనం ముందు ఖాళీ జాగా వదిలిన యజమానులకు అదనపు అంతస్తుల అనుమతి ఇస్తే, చాలామంది కూర్చునే చోటు లేని ఉత్త బండల మైదానాలు వదిలి అంతస్తులు మాత్రం కట్టుకున్నారు. వైట్ పరిశీలనల ఆధారంగా 1975లో ఆ నిబంధనలను సవరించి, ప్రతి 30 చదరపు అడుగుల ఖాళీ జాగాకు కనీసం ఒక అడుగు పొడవైన కూర్చునే చోటు ఉండాలన్నారు.

ప్రశ్న: మా కాలనీలో దాదాపు 400 గజాల ఖాళీ స్థలం ఉంది. ప్రస్తుతం చెత్త వేస్తున్నారు. మా సంక్షేమ సంఘం దానిని పార్కు చేయాలని తీర్మానించింది. పేలీ పార్కు తరహాలో వెనక గోడకు కృత్రిమ జలపాతం పెట్టి, ముందు కమాను కట్టి, చుట్టూ గ్రిల్లు వేయాలని అంచనా వేయించాము. మీ సలహా ఏమిటి?
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి, హైదరాబాదు

జవాబు: మీ ఉత్తరంతో పాటు పంపిన స్కెచ్చు చూశాను. నిర్మొహమాటంగా చెబుతున్నందుకు మన్నించండి. మీ అంచనాలో పెద్ద పద్దులు మూడు, జలపాతం, కమాను, గ్రిల్లు. పేలీ పార్కును అంత బాగా పనిచేయించే వాటిలో రెండు మీ దగ్గర లేవు, లేకపోతేనే మేలైనవి రెండు ఉన్నాయి.

ముందు జలపాతం సంగతి. మన వాతావరణంలో పన్నెండు నెలలూ పంపు నడవాలి, కరెంటు బిల్లు సంఘమే కట్టాలి, వేసవిలో నీరు ఆవిరై తగ్గిపోతుంటే కొత్త నీరు పోయాలి, వడపోత సరిగ్గా లేకపోతే పాకుడు పడుతుంది, ఆపేసిన వారం రోజులలో దోమలు చేరతాయి. ప్రారంభోత్సవం నాడు నీళ్ళు దూకి, ఆ తరువాత సంక్రాంతికి ఒకసారి, ఆగస్టు 15కు ఒకసారి దూకే జలపాతాలు మన నగరాలలో చాలా చూశాను. పైగా మీ స్థలం కాలనీ లోపలి 30 అడుగుల రోడ్డు మీద ఉంది. అక్కడ మింగవలసిన చప్పుడు ఏదీ? సాయంత్రం పిల్లల ఆట, కూరగాయల బండి కేక, పక్కింటి కుక్కరు విజిలు తప్ప. ఆ డబ్బులో సగం పక్కన పెడితే ఒక మనిషికి ఏళ్ళ తరబడి జీతం ఇవ్వవచ్చు. ఉదయం ఊడ్చి, సాయంత్రం కుర్చీలు వేసి, రాత్రి తీసి లోపల పెట్టే మనిషి లేని చిన్న పార్కు ఆరు నెలలలో మళ్ళీ చెత్త వేసే స్థలమవుతుంది.

కమాను, గ్రిల్లు విషయంలో అంతకంటే గట్టిగా చెబుతాను. స్థలానికి రాత్రి తాళం వేయాలంటే వేయండి, గేటు పగలు పూర్తిగా పక్కకు ముడుచుకుపోయేలా చేయించండి. స్కెచ్చులో నాలుగడుగుల గేటు ఒక మూలకు ఉంది, దానికి ఇరువైపులా ఆరడుగుల గ్రిల్లు. వీధిలో పోయే మనిషికి అది పార్కులాగా కాక ఎవరో ఇంటి కాంపౌండులాగా కనబడుతుంది. ముఖం మొత్తం తెరవండి. లోపల వేయదలచిన నాపరాళ్ళనే గేటు బయట రోడ్డు అంచు దాకా వేయండి, మీ సంఘం అనుమతి తీసుకోగలిగితే అక్కడే రెండు చెట్లు కూడా పెట్టండి. నేలను రోడ్డు కంటే అడుగున్నర లేపండి. వానాకాలంలో రోడ్డు నీరు లోపలికి రాదు, పైగా ఆ ఎత్తు అంచునే అరుగుగా కట్టుకోవచ్చు. ఆ అరుగు వీధి వైపు తిరిగి ఉండనివ్వండి. కాలేజీ బస్సు కోసం ఎదురుచూసేవారు, పాల ప్యాకెట్లకు వచ్చినవారు, ముందుగా దాని మీదే కూర్చుంటారు.

చెట్లు దగ్గరగా నాటండి, కాని హనీ లోకస్ట్ ఇక్కడ వెతకవద్దు, అది చలి ప్రాంతపు చెట్టు. పలుచటి నీడ కోసం ఉసిరి మంచిదని నా అభిప్రాయం. దాని ఆకు రెబ్బలు కూడా అంతే సన్నం, కార్తీకంలో మీ కాలనీ వనభోజనాలకు బస్సు మాట్లాడుకోవలసిన పని తప్పుతుంది. అయితే మన ఎండలకు నీడ మరీ పలుచగా ఉంటే ఏప్రిల్, మే నెలలలో ఎవరూ కూర్చోలేరు. అందుకని పడమటి వైపు రెండు వేపలో, రెండు కానుగలో పెట్టి, మధ్యలో ఉసిరి వరుస వేయండి. కానుగ చిక్కటి నీడ ఇస్తుంది, ఒకేసారి ఆకు రాల్చినప్పుడు మాత్రం నాలుగు రోజులు ఊడ్చే పని ఎక్కువ. పక్క ఇళ్ళ గోడలకు తీగలు పాకించే ముందు ఆ ఇంటివారిని అడిగి తీరాలి, తేమ దిగుతుందని తరువాత తగాదా వస్తుంది. గోడకు ఆరంగుళాలు ఎడంగా జాలీ బిగించి దాని మీద పాకిస్తే ఆ పేచీ ఉండదు.

కుర్చీల విషయంలో మీ సంఘంలో అభ్యంతరాలు వస్తాయి, వరంగల్ పాఠకుడి ప్రశ్న మీ సమావేశంలోనూ వినబడుతుంది. పెళ్ళిళ్ళకు అద్దెకిచ్చే మామూలు ప్లాస్టిక్ కుర్చీలు ఇరవై తెప్పించి, రెండు నెలలు పెట్టి చూడమని నా సూచన. మూడో నాలుగో పోతాయి. ఒక్క సిమెంటు బెంచీ ఖర్చులో అవి మళ్ళీ వస్తాయి. ఏ మూలన కుర్చీలు గుంపుగా చేరుతున్నాయో, ఏ మూలన ఎప్పుడూ ఖాళీగా ఉంటున్నాయో మీ మనిషి చేత రాత్రి తీసేముందు ఒక పుస్తకంలో రాయించండి. రాళ్ళు పరిచేది, దీపస్తంభం నిలబెట్టేది, ఆ పుస్తకం చూశాక నిర్ణయించవచ్చు.

ఇప్పుడే మీ వీధి మలుపులో ఇస్త్రీ బండి ఒకటి ఉందని రాశారు, పార్కు వస్తే దానిని తీయించాలని కూడా రాశారు. తీయించకండి. పేలీ పార్కు గుమ్మంలో కాఫీ కొట్టు చేసే పనే ఇతడు మీ గుమ్మంలో చేస్తాడు, ఉదయం నుంచి రాత్రి దాకా అక్కడే ఉంటాడు, కాలనీలో ఎవరి పిల్లలు ఎవరో అతడికి తెలుసు. మీ స్కెచ్చులో కమాను వేసిన చోట అతడికి నీడ, ఒక ప్లగ్గు పాయింటు ఇప్పించండి.